ఒడ్డున లెక్కపెట్టినవాడు

ఏలూరు
4 నవంబరు 2024

అక్కా,

ఇంటర్మీడియెట్‌తో రెండుసార్లు కుస్తీ పట్టి రెండుసార్లూ కిందపడ్డ నీ తమ్ముడు ఆనంద్ పాల్ వందనాలు అందుకో.

ఉత్తరం చూసి గుండె పట్టుకోకు, నేను బతికే ఉన్నాను. నా ఫోను పోలీసుల దగ్గరుంది. క్యాంపు వీడియోలు అందులో ఉన్నాయని పట్టుకెళ్ళారు. మీ మరదలి ఫోనులో మాట్లాడదామంటే నీకు సరిగ్గా వినపడదు. నువ్వు "ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, వీధి వీధంతా వింటుంది. మా కమిటీ వకీలు ఫణికిరణ్ గారేమో ఎక్కడా నోరు తెరవొద్దన్నారు. ఉత్తరం రాస్తే నోరు తెరిచినట్టు కాదని నా వాదన. ముప్పై ఐదేళ్ళు కోర్టులో టైపు కొట్టినదానివి, తప్పయితే దిద్దు.

సంగతి పేపర్లో చూసే ఉంటావు. దసరా సెలవుల్లో మా చర్చి తరఫున పిల్లల ఆటల క్యాంపు కొల్లేటికోట దగ్గర పెట్టాం. మూడు రోజులు, ముప్పై ఒక్క మంది. ఆటల ఇన్‌చార్జి ఎప్పట్లాగే నేనే. మూడో రోజు మధ్యాహ్నం దోనె షికారులో రమ్యశ్రీ అనే పిల్ల నీళ్ళలో పడి చనిపోయింది. పదిహేనేళ్ళది. పెంటపాడు నరసరాజు గారి అమ్మాయి. హాస్టల్లో ఉండి మా స్కూల్లో చదివేది, నా కబడ్డీ టీములో కూతకి వెళ్తే ముగ్గుర్ని ముట్టుకుని గాని వచ్చేది కాదు. వాళ్ళు చర్చి వాళ్ళు కూడా కాదు. స్నేహితురాలు వస్తోందని వచ్చింది.

దోనె నడిపింది వడ్డికాసులని ఆ ఊరి మనిషి. గడ సరిగ్గా వెయ్యలేదు, దోనె ఒరిగింది, పిల్ల పడింది, అతను వెంటనే దూకలేదు. కేసు అతని మీద రాశారు. మనిషి బెయిలు మీద ఇంటికొచ్చాడు, దోనె మాత్రం స్టేషన్ ఆవరణలో బోర్లా పడుంది. మా వైపునించి అంతా సక్రమమేనట. ప్రతి పిల్లకీ తండ్రి సంతకం పెట్టిన అంగీకార పత్రం ఉంది. లైఫు జాకెట్లు వేసుకుని పళ్ళికిలించిన ఫొటో ఉంది. ఇంకేం కావాలి చట్టానికి?

మీ మరదలు, నేను నిద్రలో అంకెలు చదువుతున్నానంటోంది. చిన్నప్పుడు ఎక్కాలు రాక నువ్వు తొడపాశం పెట్టేదానివి కదా, దేవుడు ఇప్పుడు పట్టుకుని నేర్పిస్తున్నట్టున్నాడు. నువ్వు వచ్చి వినాల్సింది, ఒక్క అంకె తప్పడం లేదట.

నీ తమ్ముడు,
ఆనంద్ పాల్


తాడేపల్లిగూడెం
11 నవంబరు

ఒరేయ్ ఆనందూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోర్టు అలవాటు. సాక్షి వాంగ్మూలం టైపు చేసేటప్పుడు వేళ్ళు ముందు వెళ్తాయి, బుద్ధి తర్వాత వస్తుంది. రెండోసారి చదివినప్పుడే ఏది రాయలేదో కనపడుతుంది.

కాసులు గడ ఎలా వేశాడో రాశావు. పిల్ల ఎలా పడిందో రాశావు. దోనె ఇప్పుడు ఎక్కడ బోర్లా పడి ఉందో కూడా రాశావు. నువ్వు ఎక్కడున్నావో రాయలేదు. మైలు దూరంలో ఎవరైనా జారిపడితే, పక్కన నిలబడి నవ్వించానని గొప్ప చెప్పుకునేవాడివి. ఈ ఉత్తరంలో నువ్వు మనిషివే లేవు.

ఇంకొకటి. ఫొటోలో జాకెట్లున్నాయి అన్నావు. ఒడ్డుకి తీసినప్పుడు ఆ పిల్ల ఒంటి మీద జాకెట్టు ఉందా? వేళాకోళం లేకుండా ఒక్క మాటలో రాయి.

నా ఆరోగ్యం బాగానే ఉంది. కుడి చెవి కూడా పోతోంది. చర్చిలో పాస్టరుగారి పెదాలు చూసి ప్రసంగం ఊహించుకుంటున్నాను. ఆయన చెప్పేదాని కంటే నేను ఊహించేదే బావుంటోంది.

నిద్రలో ఏ అంకె దాకా చదువుతున్నావో మరదల్ని అడిగి రాయి.

మీ అక్క,
దేవకుమారి


ఏలూరు
20 నవంబరు

అక్కా,

నువ్వు జడ్జీగారి కుర్చీలో కూర్చోవలసిన మనిషివి. కింద స్టూలు మీద కూర్చోబెట్టి ఈ దేశం నష్టపోయింది.

ఒక్క మాటలో రాయమన్నావు. లేదు.

ఎందుకు లేదో రాస్తాను. జాకెట్లు పద్నాలుగు. పిల్లలు ముప్పై ఒకరు. ఫొటో అందరిదీ జాకెట్లతో రావాలని పాస్టరు విశ్వాసం గారి ముచ్చట, వచ్చే ఏడు ప్రచారానికి పనికొస్తుందని. మొదటి వరసకి తొడిగించి తీశాం. విప్పించి రెండో వరసకి తొడిగించి తీశాం. మూడో వరసకీ అంతే. చివరికి చెమటతో తడిసి కంపుకొడుతుంటే "ఇంక మాకొద్దు మాష్టారూ" అన్నారు పిల్లలు. "సరే, కొల్లేరేమైనా సముద్రమా" అన్నాను. బస్సులో సీట్ల కింద పడేశాం. రమ్యశ్రీ మొదటి వరస. ఆరంజి రంగు జాకెట్టులో, అదేదో కప్పు గెలిచినట్టు రెండు వేళ్ళెత్తి నవ్వుతోంది.

ఆ ఫొటోనే ఇప్పుడు మాకు డాలు. మొన్న కమిటీ కూర్చుంది. వకీలు గారు ఫొటో బల్ల మీద పెట్టి "ఇది ఒక్కటి చాలండీ. జాకెట్లు ఇచ్చారు, పిల్లలు వేసుకున్నారు. తర్వాత విప్పేస్తే అది వాళ్ళ నిర్లక్ష్యం" అన్నారు.

"పోయిన పిల్ల నిర్లక్ష్యమాండీ?" అన్నాను.

"పోయినవాళ్ళ మీద కేసు ఉండదు కదండీ, ఏం పర్వాలేదు."

విశ్వాసం గారు కళ్ళు మూసుకుని "అంతా దేవుని చిత్తం, పాల్ గారూ. మీరు మనసు పాడుచేసుకోకండి" అన్నారు.

వకీలు గారు కాగితం మీద ఏదో రాసుకుంటూ "ప్రమాదం జరిగినప్పుడు మాష్టారు గారు కాస్త దూరంగా, ఒడ్డున ప్రార్థనలో ఉన్నారు" అన్నారు.

"ప్రార్థనలో నేనా? అలా రాస్తే నన్ను ఎరిగినవాడు ఒక్కడూ నమ్మడండీ. బీడీ కాలుస్తున్నానని రాయండి, అతికినట్టుంటుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆ గదిలో పిల్ల పోయిన నెల తర్వాత మొదటిసారి నవ్వు వినపడింది, దాన్ని తెప్పించింది కూడా నేనే.

మొదటి రోజే పంపితే ఫ్లెక్సీ కొట్టించిన ఆ ఫొటో చర్చి గేటుకి ఇంకా వేలాడుతోంది. ఎవరికీ తియ్యబుద్ధి కాదు, తియ్యమని చెప్పే ధైర్యమూ లేదు. ఎండకి మొహాలన్నీ తెల్లబడిపోయాయి. ఆ పిల్ల మొహం మాత్రం వెలవలేదు. నా కళ్ళ తేడా అయ్యుంటుంది. మొన్న ఒక ముసలాయన నా పక్కన నిలబడి చాలాసేపు చూసి "ఈ పాప ఎవరండీ, మిమ్మల్నే చూస్తోంది" అన్నాడు. నేను గేటు మార్చుకున్నాను. ఇప్పుడు వెనక సందులోంచి వెళ్తున్నాను.

స్కూల్లో సంగతి. పోయిన సోమవారం కబడ్డీ టీము హాజరు పిలుస్తున్నాను. జాబితా నాకు కంఠతా వచ్చు, కాగితం చూడను. అలవాటులో ఆ పేరు కూడా పిలిచేశాను. అక్కా, ఎవరూ ఏడవలేదు. పదకొండు మంది పిల్లలూ గేటు వైపు తిరిగి చూశారు. నేనూ చూశాను. కాసేపు అందరం అలా చూస్తూ నిలబడ్డాం, కాస్త ఆలస్యంగా వస్తుందేమో అన్నట్టు.

నేను ఒడ్డునే ఉన్నాను. ఒడ్డు చాలా పెద్దది అక్కా. అంతకంటే అడగకు.

డెబ్బై రెండు. అక్కడ ఆగిపోతున్నానట. మీ మరదలు లేపి "ఏవండీ, తర్వాత డెబ్బై మూడు కదండీ" అంటే లేచి కూర్చుంటున్నానట.

ఆనంద్


తాడేపల్లిగూడెం
2 డిసెంబరు

ఆనందూ,

అడగొద్దన్నావు కాబట్టి నిన్ను అడగలేదు. కొల్లేటికోట వెళ్ళి వచ్చాను.

ఆకివీడు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఈ వయసులో ఒక్కదానివీ ఎందుకెళ్ళావని రాయకు. కాసులు ఇల్లు ఎవరినడిగినా చూపించారు, చూపించి వెంటనే ఇంట్లోకి వెళ్ళిపోయారు. అతను అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. దోనె లేదు కాబట్టి గుండెలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి వలలు వేసుకుని వస్తున్నాడట. కాళ్ళు చూశాను. నాని, పాసి, తెల్లగా తేలిపోయాయి.

నేను ఎవరో చెప్పాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. పెదాలు నిదానంగా కదిపి, నాకు తెలిసేలా అడిగాడు: "మాష్టారుగారు బాగున్నారాండీ? ఆ రోజు ఆయన చాలా వణికిపోయారండీ."

అతని భార్య మాణిక్యం మాత్రం చేటలో బియ్యం అలాగే వదిలేసి వచ్చింది. "వణికారంటమ్మా, వణికారు! ఈయన చొక్కా విప్పి దూకబోతుంటే ఆగమన్నారు. ఆగమన్న నోటితోనే దూకలేదని చెప్పారు. మా ఆయన అదే మాట స్టేషన్లో చెప్తే, ఎవరయ్యా సాక్షి అన్నారు. అక్కడున్న పిల్లల్ని అడగండయ్యా అంటే, పిల్లలు భయంలో ఉన్నారు, వాళ్ళకేం గుర్తులేదు అన్నారు. అంతమంది పిల్లలకి ఒకేసారి మరుపు వస్తుందాండీ?" అంది.

కాసులు "ఊరుకోవే" అన్నాడు.

"ఊరుకోను. ఆ పిల్ల నాన్న మొన్న మా వాకిట్లో నిలబడి, నా కూతుర్ని చంపావు కదరా అని మన్ను పోసి వెళ్ళాడండీ. ఈయనేమో, కన్నవాడండీ, అననీ అన్నాడు."

అక్కణ్ణించి రేవుకి నడిచాను. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. దూరంగా గూడబాతులు గుంపుగా లేచాయి. చప్పుడు నాకు వినపడలేదు, రెక్కలు మాత్రం కనపడ్డాయి.

ఒక్కటే ప్రశ్న. ఆగమన్నావా, లేదా?

అక్క


ఏలూరు
15 డిసెంబరు

అక్కా,

అన్నాను.

రాయడానికి పదమూడు రోజులు పట్టింది. నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. నాలుగింటిలోనూ మంచి జోకులున్నాయి.

గుండుగొలను కాలవలో చిన్నప్పుడు నేర్చిన విద్య నీకు తెలుసు, ఊపిరి బిగబట్టి నీళ్ళ కింద ఉండిపోవడం. ప్రతి క్యాంపులో మూడో రోజు పొద్దున నా సర్కసు అది. గట్టు పక్కన మునిగి నాచులో దూరతాను. పిల్లలు ఒడ్డున ఒకటీ, రెండూ అని లెక్కపెడతారు. అరవై దాటాక ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెడతారు. తొంభై దగ్గర వాళ్ళ వెనకగా, నెత్తిన గుర్రపుడెక్క పెట్టుకుని లేచి "ఏవమ్మా, నా జ్ఞాపకార్థ కూటానికి భోజనం బిర్యానీయా, పులిహోరా?" అంటాను. పద్నాలుగేళ్ళుగా ఇదే. పిల్లలు అసలు ఆటల కంటే దీనికే వస్తారు.

ఆ రోజూ చేశాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర రమ్యశ్రీ విస్తరాకు పట్టుకుని నా ఎదురుగా నిలబడి "మాష్టారూ, మీది తొంభై. నేను వంద కొడతాను చూడండి" అంది.

"కొట్టవే చూద్దాం. కొడితే నా విజిల్ నీకే" అన్నాను.

ఈత వచ్చా అని అడగలేదు. అంగీకార పత్రంలో కూడా ఆ ప్రశ్న లేదు.

దోనెలో ఆరుగురు అమ్మాయిలు. జాకెట్లు బస్సులో. నేను ఒడ్డున, మాట వినపడేంత దూరంలో. గూడబాతులు లేస్తుంటే అందరూ ఒకే పక్కకి లేచారు. దోనె ఒరిగింది. ఆ పిల్ల పడింది. కాసులు గడ వదిలేసి చొక్కా లాగేస్తూ "సారూ, పిల్ల పడిందండోయ్!" అని అరిచాడు.

నేను చెయ్యెత్తి "ఆగవయ్యా కాసులూ! అది నాటకం. ఆట పాడుచెయ్యకు" అన్నాను.

ఆగాడు. అతన్ని కుదుర్చుకున్నది నేను. సారు ఆగమన్నాడు కాబట్టి ఆగాడు. నీళ్ళ సంగతి నాకంటే వెయ్యిరెట్లు తెలిసినవాడు నా మాట మీద ఆగాడు.

తర్వాత నేనే గట్టిగా "ఒకటి" అన్నాను. ఒడ్డునున్న పిల్లలందరూ అందుకున్నారు. దోనెలో పిల్లలూ అందుకున్నారు. యాభై దగ్గర నీళ్ళలోంచి చెయ్యి ఒకటి పైకొచ్చింది. చప్పట్లు కొట్టాం. అక్కా, చప్పట్లు కొట్టాం. డెబ్బై రెండు దగ్గర కాసులు నన్నొక బూతుమాట తిట్టి దూకేశాడు. పిల్ల కాళ్ళు నాచులో చుట్టుకుపోయి ఉన్నాయి. అతను రెండుసార్లు ఉత్తచేతులతో పైకొచ్చాడు. మూడోసారి తీసుకొచ్చాడు.

పోలీసులు వచ్చేసరికి విశ్వాసం గారు నా భుజం మీద చెయ్యేసి "దోనె వాడు ఆలస్యం చేశాడు కదా పాల్ గారూ" అన్నారు. నేను తలూపాను. అంతే. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. తల మాత్రం ఊపాను.

ఇప్పుడు లెక్కపెట్టని చోటు లేదు. చెంబుతో నీళ్ళు పోసుకుంటుంటే ఎవరో లెక్కపెడుతుంటారు. వీధిలో పిల్లలు దాగుడుమూతలాడుతూ మొదలుపెడతారు, నేను కిటికీ మూస్తాను. మూసిన కిటికీ లోపలనించి లెక్క సాగుతూనే ఉంటుంది. స్కూల్లో డ్రిల్లు చేయించలేక కడుపునొప్పని సెలవు పెట్టాను. గొంతు పిల్లలందరిదీ. అందులో నా గొంతు అందరికంటే గట్టిగా ఉంటుంది. డెబ్బై రెండు దగ్గర అందరూ ఆగిపోతారు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దంలో ఆ పిల్ల ఒక్కతే లెక్కపెడుతున్నట్టు ఉంటుంది. వంద చెయ్యాలి కదా, పందెం.

నేను చెప్తే జైలా? ఉద్యోగం పోతుందని తెలుసు. మీ మరదలికి ఏం చెప్పను?

ఆనంద్


తాడేపల్లిగూడెం
22 డిసెంబరు

ఆనందూ,

ముందు చట్టం చెప్తాను, తర్వాత నా సంగతి.

నిర్లక్ష్యం వల్ల మరణం. ఐదేళ్ళ దాకా పడొచ్చు. అంత పడకపోవచ్చు. కమిటీ వకీలు నీ వకీలు కాడు, కమిటీని కాపాడుకోవడం ఆయన పని. ఇక్కడ నాకు తెలిసిన ఒకాయన ఉన్నారు. ఆయన్ని కలిసి, ఆయన్ని వెంటబెట్టుకునే స్టేషనుకి వెళ్ళు. నువ్వు చెప్పేది నీ మీదికే ఎలా వస్తుందో ఆయన ముందే చెప్తారు. అది విన్నాకే చెప్పాలి. బెదిరిపోయి వాగిన మాటకీ, తెలిసి చెప్పిన మాటకీ కాగితం మీద ఎంత తేడా ఉంటుందో నేను చూశాను.

ఇక ఆ అంగీకార పత్రం. "క్రీడల్లో గాని, విహారంలో గాని ఏ ప్రమాదం జరిగినా నిర్వాహకులకు ఎట్టి బాధ్యతా లేదని, దేవుని చిత్తంగా భావిస్తామని" అన్న వాక్యం ఎవరిదో గుర్తుందా? పద్నాలుగేళ్ళ కిందట నువ్వు మిఠాయి పొట్లం పట్టుకుని ఈ ఇంటికి వచ్చి "అక్కా, కోర్టు భాషలో ఒకటి కొట్టిపెట్టు, జనం హడలిపోవాలి" అన్నావు. కొట్టిపెట్టాను. మీ కమిటీ అప్పట్నించీ జిరాక్సు తీస్తూనే ఉంది.

అది చెల్లదని నాకు అప్పుడే తెలుసురా. పిల్లని అప్పగించుకున్నవాడు తిరిగి అప్పగించేదాకా కాపలావాడే. తండ్రి సంతకంతో కాపలాదారు పని రద్దవదు. తెలిసే కొట్టాను. కోర్టులో చెల్లకపోయినా ఆ కాగితం చూసి ఎవరూ కోర్టుదాకా రారని కూడా తెలుసు. ఈత వచ్చా, ఒంట్లో బాగుంటుందా, జాకెట్లు ఎన్ని అని ఒక్క ప్రశ్న పెట్టలేదు. పెడితే నిర్వాహకులకి తెలిసినట్టవుతుంది, తెలిస్తే బాధ్యత వస్తుంది. అదీ నా తెలివి. శుభ్రంగా, ఒక్క అక్షరం దోషం లేకుండా కొట్టాను.

ఆదివారాలు మనం విన్న ఆజ్ఞల్లో ఒకటుంది, దాని మీద ప్రసంగం మాత్రం ఎవరూ చెయ్యరు. డాబా ఇల్లు కట్టినవాడు చుట్టూ పిట్టగోడ కట్టాలని, కట్టక ఎవరైనా పడితే ఆ రక్తం ఇంటివాడి మీదేనని. పడినవాడు మన మతం వాడా, తుంటరిగా నడిచాడా, పడినా ఫర్వాలేదని సంతకం పెట్టాడా అని అందులో లేదు. గోడ కట్టావా అన్నదొక్కటే. మనం డాబా మీదికి పిల్లల్ని పిలిచాం. నువ్వు గోడ కట్టలేదు. గోడ లేదని ఎవరూ అడక్కుండా నేను కాగితం కట్టాను. దేవుని చిత్తం అన్న మాట సమాధి దగ్గర ఏడ్చేవాళ్ళది. పంచనామాలో రాసుకోవడానికి కాదు.

ఆ కాగితం ఎవరు తయారుచేశారో, ఎందుకు చేశారో నేను రాసి సంతకం పెట్టి ఆ వకీలుగారికి ఇచ్చేశాను. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నాది వెళ్తుంది.

ఒక్క మాట. ముందు స్టేషను, తర్వాతే పెంటపాడు. ముందు క్షమించమని అడిగి తర్వాత నిజం చెప్తే అది బేరమవుతుంది.

మరదలికి నేను చెప్తాను. దాన్ని ఇక్కడికి పంపించు.

అక్క


ఏలూరు
9 జనవరి 2025

అక్కా,

శుక్రవారం స్టేషన్లో మీ వకీలుగారి పక్కన కూర్చుని అంతా చెప్పాను. రాసుకున్నాయన కుర్రాడు. "ఆగవయ్యా కాసులూ" దగ్గర కలం ఆపి నా మొహం చూశాడు. "మళ్ళీ చెప్పండి" అన్నాడు. మళ్ళీ చెప్పాను. జాకెట్ల సంగతి, ఫొటో సంగతి, తలూపిన సంగతి. చదివి వినిపించాక సంతకం పెట్టాను. పిల్లల్ని మళ్ళీ విచారిస్తారట. ఇద్దరు అమ్మాయిలు అప్పుడే వాళ్ళ అమ్మలతో వచ్చి చెప్పారని విన్నాను. మరుపు అందరికీ ఒకేసారి వచ్చింది, ఇద్దరిద్దరుగా పోతోంది.

విశ్వాసం గారు ఇంటికొచ్చారు. "సంఘం పరువు తీశారు పాల్ గారూ" అన్నారు. ఎప్పుడూ నా నాలిక చివర ఏదో ఒకటి తయారుగా ఉండేది. ఆ రోజు ఏమీ లేదు. "అవునండీ" అన్నాను. స్కూలు వాళ్ళు రావొద్దన్నారు.

సోమవారం పెంటపాడు వెళ్ళాను. గూడెంలో దిగి కూడా నీ ఇంటికి రాలేదు. వస్తే అన్నం పెడతావు. కడుపు నిండితే నాకు ధైర్యం పోతుంది.

నరసరాజు గారు దాళ్వా నాట్లకి పొలం దమ్ము చేయిస్తున్నారు. గట్టు మీద నన్ను చూసి తలగుడ్డ తీసి "రండి మాష్టారూ, ఇంత ఎండలో వచ్చారేంటండీ" అన్నారు. నాకు కూతుర్ని అప్పగించిన రోజు కూడా ఇదే గొంతుతో "మాష్టారూ, పిల్ల కాస్త దూకుడండీ, చూసుకోండి" అన్నారు. ట్రాక్టరు ఆపించారు. నేను గట్టు దిగి బురదలో నిలబడి చెప్పాను. పందెం నించి డెబ్బై రెండు దాకా. ట్రాక్టరు మనిషి తల దించుకుని దూరంగా వెళ్ళిపోయాడు.

అయిపోయాక కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననే ఎదురుచూశాను.

"అయితే ఆ దోనె ఆయన దూకబోయాడాండీ?" అన్నారు.

"దూకబోయాడండీ. నేనే ఆపాను."

"నేను వాళ్ళ వాకిట్లో మన్ను పోశానండీ" అన్నారు. బోదె కాలవలో కాళ్ళు కడుక్కుని, గట్టు మీదున్న బండి తిప్పి "ఎక్కండి" అన్నారు.

"ఎక్కడికండీ?"

"ఎక్కండి."

ఆకివీడు మీదుగా వెళ్ళాం. రెండు గంటలు ఆయన వీపు వెనక కూర్చున్నాను. ఎక్కడా ఆగలేదు, మంచినీళ్ళకి కూడా. ఆయన చొక్కాకి అంటిన బురద గాలికి ఎండి రాలి నా మోకాళ్ళ మీద పడుతోంది.

కాసులు ఇంటి ముందు బండి దిగి ఆయన తిన్నగా లోపలికి వెళ్ళలేదు. తను మన్ను పోసిన చోట నిలబడి చేతులు జోడించారు. "అయ్యా, తెలియక చేశానండీ. నా బిడ్డ కోసం నువ్వు నీళ్ళలోకి దిగావు. నేను నిన్ను తిట్టాను" అన్నారు. కాసులు కంగారుగా అరుగు దిగి ఆ చేతులు పట్టుకున్నాడు. "అయ్యో, మీరలా అనకూడదండీ. నేను ముందే దూకాల్సిందండీ. ఎవరు ఆగమన్నా ఆగకూడదండీ నేను" అంటూ ఏడ్చేశాడు. ఇద్దరూ ఏడ్చారు. వాళ్ళిద్దరి మధ్యలో నిలబడే హక్కు నాకు లేదు, వెళ్ళిపోయే హక్కూ లేదు. మాణిక్యం చెంబుతో నీళ్ళు తెచ్చి వాళ్ళిద్దరికీ ఇచ్చింది. నా వైపు రాలేదు.

స్టేషన్లో రాసిచ్చానని కాసులుతో చెప్పాను. దోనె తిరిగి ఇప్పించమని మీ వకీలుగారు కోర్టులో వేస్తారనీ చెప్పాను. "మంచిదండీ" అన్నాడు. నన్ను సారూ అనలేదు.

క్షమించమని ఇద్దర్నీ అడిగాను. కాసులు నేల చూశాడు. నరసరాజు గారు "అది నాతో అయ్యే పని కాదండీ" అన్నారు. కోపంగా అనలేదు అక్కా. బస్తా ఎత్తలేనివాడు చెప్పినట్టు, ఉన్నమాట చెప్పారు.

తిరుగు దారిలో మెయిన్ రోడ్డు ఎక్కాక బండి ఆపారు. ఆయన ఎడమకి తిరగాలి, నేను కుడికి.

"కోర్టులో కూడా ఇలాగే చెప్తారాండీ?" అన్నారు.

"చెప్తానండీ."

"నేను వస్తాను. వాళ్ళమ్మని కూడా తీసుకొస్తాను. ఆవిడకి మీ నోటితోనే చెప్పాలి, నా వల్ల కాదు." తలగుడ్డ బిగించి కట్టుకున్నారు. "ఇక్కణ్ణించి బస్సులుంటాయండీ. మిమ్మల్ని ఇంటిదాకా దింపలేను, ఏమనుకోకండి."

బండి కనపడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాను. వాయిదా ఎప్పుడో తెలియగానే రాస్తాను. నువ్వు రావాలి. నా పక్కన వద్దు, ఆవిడ పక్కన కూర్చో.

ఆనంద్ పాల్